బ్రాకెట్లో పేరు: కొన్ని రాక్ ఆల్బమ్‌ల అప్పుల పద్దు

రాక్ వినేవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే పది నిమిషాల్లో గొడవ ఖాయం. లెడ్ జెప్పెలిన్ గొప్పా, పింక్ ఫ్లాయిడ్ గొప్పా? బీటిల్స్ లేకపోతే వీళ్ళెవరైనా ఉండేవాళ్ళా? ఈ విషయాల్లో నాకూ గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, దారిలో చెప్తాను. కానీ ఈ మధ్య నేను ఏ ఆల్బమ్ విన్నా ఇంకో పని కూడా చేస్తున్నాను. పాట పేరు పక్కన బ్రాకెట్లో చీమ తలకాయంత అక్షరాలతో పేర్లుంటాయి చూడండి, అవి చదువుతున్నాను. సినిమా చివర్లో పేర్లు పడుతుంటే మనం చెప్పులు వెతుక్కుంటూ లేచిపోతాం కదా, అలా అందరూ వదిలేసే భాగం అది. తీరా చదివితే సగం రాక్ చరిత్ర అక్కడే ఉంది.

ఆ బ్రాకెట్ ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పుకోవాలి. ఒక రికార్డుకి రెండు రకాల హక్కులుంటాయి. ఒకటి రికార్డింగుది. అది మామూలుగా కంపెనీ చేతిలో ఉంటుంది, వాయించినవాళ్ళకి ఒప్పందం ప్రకారం వాటా వస్తుంది. రెండోది పాటది, అంటే బాణీ, మాటలు. ఈ రెండో డబ్బు బ్రాకెట్లో ఎవరి పేరుంటే వాళ్ళకీ, వాళ్ళ పబ్లిషర్‌కీ పోతుంది. ఆ పాట రేడియోలో వేసినా, ఇంకొకడు పాడుకున్నా, ఇరవై ఏళ్ళ తరవాత కారు ప్రకటనలో వాడినా, డబ్బు ఆ పేరు వెతుక్కుంటూ వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, కమిట్ ఎవరి పేరు మీద ఉంటే అప్రైజల్ వాడిదే. రాత్రంతా కూర్చుని రాసింది పక్క సీటువాడైనా సరే :)

ఇహ అసలు కథలోకి వద్దాం.

1969 జనవరిలో అమెరికాలో లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో అంతా కలిపి సుమారు 36 గంటల్లో రికార్డు చేశారంటారు. నా మట్టుకు నాకు రాక్‌లో ఇంతకంటే మంచి మొదటి ఆల్బమ్ లేదు. బాన్‌హమ్ డ్రమ్స్ వింటుంటే పక్కింట్లో గోడ కూలగొడుతున్నట్టుంటుంది. సరే, బ్రాకెట్లు చూద్దాం. 'యూ షుక్ మీ', 'ఐ కాంట్ క్విట్ యూ బేబీ' రెండిటికీ విల్లీ డిక్సన్ పేరు ఉంది. భేష్. 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' దగ్గర జిమ్మీ పేజ్ పేరొక్కటే ఉంది. ఇక్కడ మొదలైంది తిరకాసు.

జేక్ హోమ్స్ అని న్యూయార్కులో ఒక జానపద గాయకుడు. 1967లో తన ఆల్బమ్‌లో 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' అనే పాటే పెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో పేజ్ అప్పట్లో వాయిస్తున్న యార్డ్‌బర్డ్స్ బృందం న్యూయార్కులో కచేరీ చేసింది. వాళ్ళకంటే ముందు అదే వేదిక మీద పాడింది ఈ హోమ్సే. ఆ తరవాత యార్డ్‌బర్డ్స్ ఆ పాటని తమ కచేరీల్లో వాయించడం మొదలెట్టారు, అక్కణ్ణించి అది జెప్పెలిన్‌కి వచ్చింది. మాటలు మారాయి, గిటార్ పని పెరిగింది, కానీ కిందికి జారుతూ వచ్చే ఆ బేస్ వరస, పాట పేరు అవే. 2010లో హోమ్స్ కోర్టుకెళ్ళాడు, వ్యవహారం రాజీతో ముగిసింది. 2012లో వచ్చిన 'సెలబ్రేషన్ డే' ఆల్బమ్‌లో 'జేక్ హోమ్స్ ప్రేరణతో' అన్న ముక్క చేరింది. నలభై మూడేళ్ళు పట్టింది ఆ ఒక్క ముక్కకి!

అదే ఆల్బమ్‌లో 'బేబ్ ఐయామ్ గాన లీవ్ యూ' సంగతి కాస్త వేరు. దాన్ని సంప్రదాయ గీతం అని, పేజ్ కూర్పు అని వేశారు. పేజ్ దాన్ని విన్నది జోన్ బయెజ్ రికార్డులో. రాసింది మాత్రం యాన్ బ్రెడన్ అనే ఆవిడ, 1950ల చివర్లో. ఇక్కడ పేజ్‌ని పూర్తిగా తప్పుపట్టలేం. ఊళ్ళో అందరూ పాడుకునే పాట అనుకున్నదానికి ఒక రచయిత్రి ఉందని తరవాత తేలింది. 1990ల నించీ ఆవిడ పేరు వేస్తున్నారు, వాటా ఇస్తున్నారు.

రెండో ఆల్బమ్ 1969 అక్టోబరులో వచ్చింది. మొదటి పాట 'హోల్ లాటా లవ్'. ఆ గిటార్ రిఫ్ అచ్చంగా పేజ్‌దే, అందులో డౌటే లేదు. కానీ మాటలు? 1962లో మడ్డీ వాటర్స్ పాడిన 'యూ నీడ్ లవ్' వినండి. రాసింది మళ్ళీ విల్లీ డిక్సనే. మొదటి ఆల్బమ్‌లో రెండుసార్లు పేరు వేసిన మనిషిని రెండో ఆల్బమ్‌లో మర్చిపోయారంటే నమ్మడం కష్టం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, జెప్పెలిన్ కంటే ముందే 1966లో స్మాల్ ఫేసెస్ అనే ఇంగ్లిష్ బృందం కూడా ఇదే పాటని వాడుకుని తమ పేర్లే వేసుకుంది. అంటే అప్పటికే అది ఒక అలవాటు. 1985లో డిక్సన్ కేసు వేశాడు, 1987లో కోర్టు బయట రాజీ అయింది. ఇప్పుడు ఆ పాట కింద ఆయన పేరూ ఉంది.

ఇదే ఆల్బమ్‌లో 'ద లెమన్ సాంగ్' చూడండి. అందులో హౌలిన్ వుల్ఫ్ పాట 'కిల్లింగ్ ఫ్లోర్' సగానికి పైగా ఉంది. 1972లో ఆర్క్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ కంపెనీ దావా వేస్తే అదీ రాజీ అయింది. ఇక్కడ ఇంకో మెలిక. ఈ ఆర్క్ మ్యూజిక్ షికాగోలోని చెస్ రికార్డ్స్ వాళ్ళ అనుబంధ కంపెనీ. నల్లజాతి కళాకారుల పాటల హక్కులన్నీ దాని దగ్గర ఉండేవి. తర్వాత 1970ల్లోనే డిక్సన్, మడ్డీ వాటర్స్ ఇద్దరూ, మా రాయల్టీలు మాకు సరిగ్గా ఇవ్వట్లేదని అదే ఆర్క్ మీద కేసు వేయాల్సొచ్చింది. అంటే బయటి దొంగని పట్టుకున్న కాపలాదారు జేబులో కూడా మన సొమ్మే అన్నమాట. తెల్ల రాక్ బృందాల్ని మాత్రమే తిట్టి ఊరుకునేవాళ్ళు ఈ భాగం చెప్పరు.

ఇప్పుడు జెప్పెలిన్ అభిమానుల వాదన ఒకటుంది, అది బలమైనదే. బ్లూస్ అంటేనే అప్పుల సంగీతం కదా, మాటలు ఒకరి నించి ఒకరికి ఊరూరా తిరుగుతూనే ఉంటాయి, మన జానపదుల్లో ఉన్నట్టే, ఎవరిదని పేరు వేస్తాం? అంటారు. నిజమే. డిక్సన్, వుల్ఫ్ కూడా గాల్లో తిరిగే మాటలు ఏరుకున్నవాళ్ళే. కానీ తేడా ఒకటుంది. మిసిసిపీ పొలాల్లో ఒకడి మాట ఇంకొకడు పాడుకున్నప్పుడు ఇద్దరి జేబులోనూ చిల్లే. ఎవరూ రిజిస్టర్ చేసుకోలేదు, ఎవరూ కోటీశ్వరులు కాలేదు. అదే పాట మీద ఒకడు తన పేరు రిజిస్టర్ చేయించుకున్న క్షణం నించీ అది జానపదం కాదు, ఆస్తి. నువ్వు ఆస్తి అన్నావు గనకే వాడూ వాటా అడుగుతున్నాడు. ఉమ్మడి బావి అని చెప్పి నీళ్ళు తోడుకుని, తరవాత బావికి కంచె వేసి బోర్డు మీద నీ పేరు రాసుకుంటే ఎలా?

పేరు వేయడం అంత కష్టమా అంటే, కాదు. అదే కాలంలో వేసినవాళ్ళున్నారు. 1966 డిసెంబర్‌లో వచ్చిన 'ఫ్రెష్ క్రీమ్' ఆల్బమ్‌లో 'ఐయామ్ సో గ్లాడ్' అనే పాట ఉంది. స్కిప్ జేమ్స్ అనే మిసిసిపీ గాయకుడు 1931లో దాన్ని రికార్డు చేశాడు. ఆర్థిక మాంద్యం రోజులు, రికార్డులు అమ్ముడుపోలేదు, మనిషి మరుగున పడిపోయాడు. 1964లో కొందరు అభిమానులు వెతుక్కుంటూ వెళితే ఆస్పత్రిలో దొరికాడు. క్రీమ్ బృందం ఆ పాటని గుర్తుపట్టలేనంతగా మార్చేసింది, కావాలనుకుంటే తమ పేర్లు వేసుకున్నా చాలామందికి తెలిసేది కాదు. కానీ స్కిప్ జేమ్స్ అనే వేశారు. ఆ పేరు వల్ల వచ్చిన రాయల్టీయే సంగీతం మీద ఆయన చూసిన చెప్పుకోదగ్గ సొమ్ము. 1969లో చనిపోయాడు. ఆల్బమ్‌గా చూస్తే 'ఫ్రెష్ క్రీమ్' నాకు అంత గొప్పగా అనిపించదు, ఒకటి రెండు పాటలు సాగతీత. కానీ ఆ ఒక్క బ్రాకెట్ కోసం దాని మీద నాకు గౌరవం.

జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్‌కి వద్దాం, ఎందుకంటే నా దృష్టిలో వాళ్ళ అత్యుత్తమ ఆల్బమ్ అదే. 1971 నవంబర్‌లో వచ్చింది. అట్ట మీద బృందం పేరూ లేదు, ఆల్బమ్ పేరూ లేదు! మమ్మల్ని పేరుతో కాదు, పాటతో గుర్తుపట్టండి అన్నట్టు. అలాంటి ఆల్బమ్‌లో చివరి పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్'. దాని బ్రాకెట్లో నలుగురు సభ్యుల పేర్లతో పాటు ఐదో పేరుంది: మెంఫిస్ మిన్నీ.

1927లో మిసిసిపీ నదికి మహా వరద వచ్చింది. కట్టలు తెగి ఆరు లక్షల మందికి పైగా ఇళ్ళొదిలి పోయారు. నల్లజాతి కూలీల చేత బలవంతంగా ఆ కట్టల మీద చాకిరీ చేయించారు. రెండేళ్ళ తరవాత, 1929లో, మెంఫిస్ మిన్నీ, ఆమె భర్త కాన్సస్ జో మెకాయ్ కలిసి ఆ కట్ట తెగడం మీద పాట రికార్డు చేశారు. పాడింది జో, గిటార్ ఇద్దరిదీ. జెప్పెలిన్ వాళ్ళు నలభై ఏళ్ళ తరవాత హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో, మెట్ల కింది హాల్లో డ్రమ్స్ పెట్టి, పైనించి మైకులు వేలాడదీసి ఆ మోత పట్టుకున్నారు. వింటే నిజంగానే నీళ్ళు కట్టని గుద్దుతున్నట్టుంటుంది. సంగీతం దాదాపు అంతా కొత్తదే. అయినా మిన్నీ పేరు వేశారు. జో పేరు వేయలేదు, అతను 1950లోనే పోయాడు. మిన్నీ కూడా పక్షవాతంతో పేదరికంలో 1973లో మెంఫిస్‌లో పోయింది. ఆమె సమాధికి రాయి పెట్టడానికి 1996 దాకా ఆగాల్సొచ్చింది, ఆ ఖర్చు గాయని బానీ రెయిట్ పెట్టుకుంది. బ్రాకెట్లో పేరు ఆలస్యంగా వస్తే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు.

ఇదంతా చదివి నేను జెప్పెలిన్ వ్యతిరేకిని అనుకునేరు. కాదు. అదే ఆల్బమ్‌లోని 'స్టెయిర్‌వే టు హెవెన్' మీద పడ్డ కేసులో నేను పూర్తిగా వాళ్ళ పక్షం. స్పిరిట్ అనే అమెరికన్ బృందం 1968లో విడుదల చేసిన 'టారస్' నించి ఆ పాట మొదటి వరస ఎత్తేశారని అభియోగం. టారస్ రాసిన రాండీ కాలిఫోర్నియా 1997లో హవాయ్ సముద్రంలో కొడుకుని కాపాడి తాను మునిగిపోయాడు. మనిషి మీద ఎంత జాలి ఉన్నా న్యాయం వేరు. మెట్టు మెట్టుగా కిందికి దిగే ఆ స్వరాల వరస కొన్ని వందల ఏళ్ళుగా అందరూ వాడుతున్నదే. ఫర్ లూప్ మీద పేటెంటు అడిగినట్టుంటుంది. 2016లో జ్యూరీ జెప్పెలిన్ వైపు తీర్పిచ్చింది, 2018లో పై కోర్టు మళ్ళీ విచారించమంది, చివరికి 2020లో జ్యూరీ మాటే నిలబడింది. మంచిదైంది. లేకపోతే గిటార్ పట్టుకున్న ప్రతివాడూ లాయర్ని పక్కన కూర్చోబెట్టుకోవాల్సొచ్చేది.

మరి తెలీకుండా కాపీ కొడితే? దానికి జార్జ్ హారిసన్ ఉన్నాడు. 1970లో వచ్చిన 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' బీటిల్స్ విడిపోయాక వాళ్ళ నలుగురిలో ఎవరు తీసినవాటిలోనైనా ఉత్తమం అని నా అభిప్రాయం (లెనన్ అభిమానులు క్షమించాలి). అందులోని 'మై స్వీట్ లార్డ్' బాణీ, 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన 'హీ ఈజ్ సో ఫైన్' బాణీ ఒకటేనని కేసు. 1976లో జడ్జి చెప్పిందేమిటంటే, కావాలని చేయలేదు, మనసు అడుగున ఉండిపోయిన పాట బయటికొచ్చింది, అయినా అది కాపీయే. ఇంతలో హారిసన్ పాత మేనేజర్ ఆలెన్ క్లైన్ వెళ్ళి ఆ పాట హక్కులున్న కంపెనీని కొనేశాడు. నిన్నటిదాకా మన తరఫున వాదించిన మనిషి రేపట్నించీ అవతలి పార్టీ! 1981లో జడ్జి ఈ తెలివి పారనివ్వలేదు. నువ్వు కొన్న ధర, 5,87,000 డాలర్లు, తీసుకుని పాట హారిసన్‌కి ఇచ్చెయ్ అన్నాడు. ఈ గొడవంతా నడుస్తున్నప్పుడు అసలు పాట రాసిన రానీ మాక్ లేడు, 1963లోనే చిన్న వయసులో పోయాడు. క్లైన్‌ని మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

పింక్ ఫ్లాయిడ్ గురించి చెప్పకపోతే మా ఫ్రెండ్స్ ఊరుకోరు. 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1988 దాకా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలు ఉంది. అందులో 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' గుర్తుందా? ఒక్క మాట కూడా లేకుండా ఒకావిడ గొంతు ఏడుస్తుంది, అరుస్తుంది, చివరికి అలిసి సద్దుమణుగుతుంది. ఆవిడ క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారం ఏబీ రోడ్ స్టూడియోకి పిలిపించి, మాటల్లేవు, చావు గురించి, ఏదైనా పాడు అన్నారు. పాడి 30 పౌండ్లు తీసుకుని ఇంటికెళ్ళింది. బ్రాకెట్లో రిక్ రైట్ పేరొక్కటే పడింది. కింద వాయించిన పియానో, దాని స్వరాలు రైట్‌వే. కానీ ఆ పాటలోంచి ఆ గొంతు తీసేస్తే ఏం మిగులుతుంది? ఆ గొంతు పలికిన వరస ఎవరూ రాసివ్వలేదు, ఆవిడే అక్కడికక్కడ కట్టింది. 2004లో కేసు వేసింది, 2005లో రాజీ. ఇప్పుడు బ్రాకెట్లో రైట్, టోరీ అని రెండు పేర్లుంటాయి. నన్నడిగితే ఈ పుస్తకంలో ఇంతకంటే న్యాయమైన దిద్దుబాటు లేదు.

బృందం లోపలి గొడవలు ఇంకో రకం. క్వీన్ బృందం 1975లో 'బొహీమియన్ రాప్సడీ' సింగిల్ వేసినప్పుడు, రికార్డు రెండో వైపున డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన 'ఐయామ్ ఇన్ లవ్ విత్ మై కార్' వేశారు. రికార్డు కొన్నవాడు మొదటి వైపు కోసమే కొంటాడు, కానీ లెక్క ప్రకారం రెండు వైపులకీ రచయితకి సమాన వాటా. ఆ సింగిల్ ఇంగ్లండులో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. కారు పాటకి ఎంతొచ్చుంటుందో మీరే లెక్కేసుకోండి :) దీని మీద లోపల చాలా నలిగింది. చివరికి 1989లో 'ద మిరకిల్' ఆల్బమ్ నించి ఎవరు రాసినా నలుగురి పేర్లూ వేయడం మొదలెట్టారు. ఆర్.ఈ.ఎమ్. బృందం అయితే మొదట్నించీ అదే పద్ధతి, నలుగురి పేర్లూ, సమానంగా. వాళ్ళు 2011లో కోర్టుల మెట్లెక్కకుండా మర్యాదగా విడిపోయారు. టీమ్‌లో పనిచేసేవాళ్ళం మనకి ఇందులో పాఠం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక క్లైన్ మళ్ళీ వచ్చే ఘట్టం. 1997లో ద వెర్వ్ అనే ఇంగ్లిష్ బృందం 'అర్బన్ హిమ్స్' తీసింది. అందులో 'బిటర్ స్వీట్ సింఫనీ' అందరూ వినే ఉంటారు, వయొలిన్ల వరసతో మొదలవుతుంది. ఆ రికార్డింగ్ ముక్క తీసుకున్నది ఆండ్రూ ఓల్డ్‌హమ్ ఆర్కెస్ట్రా రికార్డు నించి. ఆ రికార్డేమో రోలింగ్ స్టోన్స్ పాట 'ద లాస్ట్ టైమ్'కి వాద్య రూపం. స్టోన్స్ పాత పాటల హక్కులు క్లైన్ చేతిలో ఉన్నాయి. అనుమతి హద్దు దాటి వాడారని పట్టుబట్టి, పాట రాబడి మొత్తం లాగేసుకున్నాడు. మాటలన్నీ రాసిన రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌కి సున్నా. బ్రాకెట్లో జాగర్, రిచర్డ్స్ పేర్లు ఎక్కాయి.

ఇప్పుడు తమాషా చూడండి. జనం గుర్తుపట్టే ఆ వయొలిన్ల వరస జాగర్, రిచర్డ్స్ రాసింది కాదు, ఆర్కెస్ట్రాకి కూర్పు చేసిన డేవిడ్ విటేకర్‌ది. ఆయన పేరు బ్రాకెట్లో లేదు. పోనీ 'ద లాస్ట్ టైమ్' పూర్తిగా స్టోన్స్ సొంతమా అంటే అదీ కాదు. స్టేపుల్ సింగర్స్ 1950ల్లో పాడిన ఒక చర్చి పాటని మార్చి కట్టామని కీత్ రిచర్డ్సే చెప్పాడు. అంటే చర్చి పాట తీసుకున్నవాళ్ళ దగ్గర తీసుకున్నవాళ్ళ దగ్గర తీసుకున్నవాడికి శిక్ష పడింది! 2019లో జాగర్, రిచర్డ్స్ తమ వాటా ఆష్‌క్రాఫ్ట్‌కి తిరిగి ఇచ్చేశారు. క్లైన్ 2009లో, విటేకర్ 2012లో పోయారు. విటేకర్‌కి ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు.

ఇవన్నీ దొరల గొడవలు, మనకెందుకు అనుకోకండి. మన సినిమా పాటల సంగతి ఇంతకంటే అన్యాయం. దశాబ్దాల పాటు హక్కులన్నీ నిర్మాతవి, అక్కణ్ణించి ఆడియో కంపెనీవి. రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీలో విడదీయలేని వాటా ఉందని చట్టంలో రాసింది 2012 సవరణలోనే. 2017లో అమెరికా కచేరీల్లో ఉన్న బాలుగారికి ఇళయరాజా తరఫున నోటీసు వెళితే మనవాళ్ళు చాలామంది ఇదేం చోద్యం అన్నారు. స్నేహితులిద్దరి మధ్య ఆ కాగితం వెళ్ళిన తీరు నాకూ నచ్చలేదు. కానీ ఆ కాగితం అడిగిన ప్రశ్న డిక్సన్ అడిగిందే: పాట ఎవరిది, దాని మీద వచ్చే డబ్బు ఎవరికి?

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, అప్పు చేయడం తప్పు కాదు. అప్పు లేని సంగీతం లేదు, ఆ మాటకొస్తే అప్పు లేని సాఫ్ట్‌వేరూ లేదు. మనం రోజూ వాడే లైబ్రరీల్లో సగం ముక్కూమొహం తెలీనివాళ్ళు ఉచితంగా ఇచ్చినవి, వాళ్ళు అడిగేది కూడా చాలావరకు ఒక్కటే, ఫైలు పైన మా పేరు తీసెయ్యొద్దని. అప్పు తప్పు కాదు, పద్దు రాయకపోవడమే తప్పు. రాస్తే ఆల్బమ్ గొప్పదనం తగ్గదు. మెంఫిస్ మిన్నీ పేరు ఉన్నందుకు 'వెన్ ద లెవీ బ్రేక్స్' ఒక్క డెసిబెల్ కూడా తగ్గలేదు కదా!

నా సలహా ఒకటే. ఈ వారాంతం 'హోల్ లాటా లవ్' పెట్టుకునే ముందు మడ్డీ వాటర్స్ 'యూ నీడ్ లవ్' ఒకసారి వినండి, మూడు నిమిషాల పాట. తరవాత జెప్పెలిన్‌ది ఎంత వాల్యూమ్‌లో కావాలంటే అంత పెట్టుకోండి. నేనూ అదే చేస్తాను. అప్పుడు చెప్పండి, పేజ్ గొప్పా, గిల్మర్ గొప్పా అన్న గొడవలో విల్లీ డిక్సన్‌కి ఒక కుర్చీ వెయ్యాలా వద్దా?